ఆడియో ఏడీసీలో వక్రీకరణ: శాంప్లింగ్ రేటును బట్టి నిర్ధారణ

మైకు లేదా వాద్యం నుంచి వచ్చే అనలాగ్ సంకేతాన్ని అంకెలుగా మార్చే పరికరం ఏడీసీ. ఒక శాంప్లింగ్ రేటు దగ్గర శుభ్రంగా పలికిన ధ్వని ఇంకో రేటు దగ్గర చెడిపోతే, లోపం ఎక్కడుందో ఆ తేడాయే చాలావరకు చెబుతుంది.

అన్ని రేట్ల దగ్గరా ఒకేలా బొంగురుపోతుంటే ముందుగా ఇన్‌పుట్ స్థాయిని చూడాలి. 1 కిలోహెర్ట్జ్ సైన్ తరంగం పంపితే 2, 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గర హార్మోనిక్స్ లేచి, స్థాయిని 6 డెసిబెల్స్ తగ్గించగానే అవి మాయమైతే అది క్లిప్పింగే, అంటే స్థాయి హద్దు మించి తరంగపు శిఖరాలు తెగిపోవడమే.

ఏలియాసింగ్ తీరు వేరు. శాంప్లింగ్ రేటులో సగానికి మించిన పౌనఃపున్యాలను ముందే వడకట్టకపోతే అవి మడతపడి వినబడే పరిధిలోకి దిగుతాయి. 30 కిలోహెర్ట్జ్ సంకేతం 48 కిలోహెర్ట్జ్ రేటు దగ్గర 18గా, 44.1 దగ్గర 14.1గా తేలుతుంది, 96 దగ్గర తన చోటనే ఉంటుంది. రేటుతోపాటు చోటు మారే ఈ దొంగ స్వరం చాలా నమ్మదగిన ఆనవాలు. ఒకసారి అసలు ధ్వనిలో కలిశాక దాన్ని విడదీయడం దాదాపు అసాధ్యం. వడపోత ఏడీసీకి ముందే జరగాలి.

ఇక శాంప్లింగ్ వేళను నడిపే క్లాక్. మాస్టర్ క్లాక్ శాంప్లింగ్ రేటుకు 256 రెట్లుండే అమరికలో 48 కిలోహెర్ట్జ్‌కు 12.288 మెగాహెర్ట్జ్, 44.1కు 11.2896 మెగాహెర్ట్జ్ కావాలి. కలిపిన రెండు పరికరాలు దేని క్లాక్‌పై అది నడిస్తే మధ్యమధ్య టిక్కుమనే శబ్దాలు వస్తాయి. 44.1 దగ్గర రికార్డయినదాన్ని 48గా చదివితే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పెరుగుతుంది. ఏడీసీ చిప్పు మార్చే ముందు ఈ క్లాక్ అమరికను తప్పక సరిచూడాలి.