కుందలహళ్లిలో ‘ద’ ఎక్కడ పోయింది?

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో కాపురముంటున్న తెలుగువాళ్లను ఆ చోటి పాతపేరు అడిగితే చాలామంది ‘కుండలహళ్లి’ అంటారు. కన్నడ బోర్డు మీద ఉన్నది కుందలహళ్లి. కాస్త కళ్లు చికిలిస్తే ఆ లిపి మనకూ తెలుస్తుంది, కానీ మనం చదివేది పక్కనున్న ఇంగ్లిషు. అందులో ద, డ రెంటికీ ఒకటే అక్షరం. పేర్లు చెడగొట్టింది తెల్లదొరలేనని తేల్చేయడం మనకు అలవాటు. ఆ మాటతో నాకు పేచీ ఉంది.

పాత శాసనాల సంగతి క్లుప్తంగా చెబుతాను. హొయసల రాజు వీరబల్లాలుడికి ఉడికించిన గింజలు పెట్టిన ముసలమ్మ వల్ల ‘బెందకాళూరు’ పుట్టి, అదే బెంగళూరు అయిందనే కథ నిలవదు. ఆయన ఏలింది 1173 తర్వాత. బేగూరు వీరగల్లు మీద బెంగళూరు పేరు సుమారు 890 నాటికే ఉంది. సుమారు 750 నాటి శాసనంలో పెర్బొళల్ అని ఉన్నది నేటి హెబ్బాళ. కన్నడంలో ‘ప’ జారి ‘హ’ అయింది, పల్లి హళ్లి అయింది. మనం పల్లి దగ్గరే ఆగాం.

అసలు తగాదా 1799 తర్వాతి కాలం మీద. టిప్పు పడిపోయాక మైసూరు సర్వే కాలిన్ మెకంజీకి అప్పగించారు. ఆయన వెంట ఉన్నవాళ్లు ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య, తమ్ముడు లక్ష్మయ్య. వాళ్లు, వాళ్ల మనుషులు ఊరూరా కరణాలను కూర్చోబెట్టి చెరువులు, గుళ్లు, మాన్యాల వివరాలు అడిగి కైఫీయతులు రాయించారు. అవి దేశభాషల లిపుల్లో రాసినవి. తెలుగులో గానీ కన్నడంలో గానీ రాసే కరణానికి ద, డ కలిసిపోయే ప్రసక్తే లేదు. అయితే కైఫీయతు చెప్పే పేరు పుట్టుక కథను నేను నమ్మను, మాన్యం నిలబెట్టుకోవడానికి కరణం ఏ దేవుణ్ణయినా సాక్షికి పిలుస్తాడు. వర్ణక్రమాన్ని మాత్రం నమ్ముతాను.

1905లో లూయీ రైస్ బెంగళూరు జిల్లా శాసనాల సంపుటం తెచ్చాడు. మూలపాఠంతో పాటు, చుక్కలూ గీతలూ పెట్టిన రోమన్ లిపిలోనూ అచ్చువేశాడు. ఇంగ్లిషులోనూ ద, డ తేడా చూపవచ్చని అదే రుజువు. సర్వే పటాలకు, రైలు బోర్డులకు ఆ చుక్కలు దిగలేదు, అంతవరకు దొరల తప్పు ఒప్పుకుంటాను. కానీ లిపి చేసే చిక్కు ఇంగ్లిషుతో మొదలైంది కాదు. దొమ్మలూరు చొక్కనాథస్వామి గుడి తమిళ శాసనాల్లో ఆ ఊరు ‘తొంబలూరు’. తమిళంలో త, ద లకు అక్షరం ఒకటే కనుక, చెక్కినవాడి నోట అది దొంబలూరే కావచ్చు.

1882లో ఆంగ్లో ఇండియన్ల కోసం వెలిసిన వైట్‌ఫీల్డ్‌కు వైట్ అనే మనిషి ఉన్నాడు. బ్రూక్‌ఫీల్డ్‌కు వాగు అర్థమున్న మాట ఉంది, దాని ఇంగ్లిషు స్పెల్లింగు కూడా కుదురుగా లేదు: మధ్యలో ‘ఇ’ ఒక బోర్డు మీద ఉంటుంది, పక్క బోర్డు మీద ఉండదు. లేఅవుట్లు వేసినవాళ్లకు కరణం అక్కర్లేకపోయింది. 2023 మార్చిలో వచ్చిన మెట్రో ఇక్కడి స్టేషన్‌కు కుందలహళ్లి అనే పెట్టింది. నాకు సంతోషమే. కానీ చివరి స్టేషన్‌కు వైట్‌ఫీల్డ్ ముందు, కాడుగోడి బ్రాకెట్లో.

ఏలూరు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఊరి పేరు ఊరివాళ్ల నోట విని రాసుకున్నారు. మొన్న మా అపార్టుమెంటు తెలుగు సంఘం ఉగాది కరపత్రంలో ‘కుండలహళ్లి’ అని చూసి దిద్దబోయాను. కార్యదర్శి ఫోన్‌లో ఇంగ్లిషు మ్యాపు తీసి చూపించి, “ఇందులో ఇలాగే ఉందండీ” అన్నాడు.