ట్రాక్టర్ స్టార్ట్ కావడం లేదా? మెకానిక్‌ను పిలిచే ముందు మీరే చూసుకోవాల్సినవి

మృగశిర కార్తెలో మంచి వానలు పడగానే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో అందరికీ ఒకేసారి దుక్కులు, పత్తి విత్తనాలు మొదలవుతాయి. ఎర్ర చల్క నేలలు నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచలేవు. ఎండ కాసిందంటే పదును త్వరగా ఆరిపోతుంది. వేసవిలో పని లేక చెట్టు కింద నిలబెట్టిన ట్రాక్టర్ సరిగ్గా ఆ సమయంలోనే స్టార్ట్ కాదు. ఊళ్లో అందరి బండ్లూ నడిచే రోజులు కాబట్టి మెకానిక్ కూడా వెంటనే దొరకడు.

చాలాసార్లు లోపం చిన్నదే ఉంటుంది. వదులైన బ్యాటరీ టెర్మినల్, ఎయిర్ పట్టిన డీజిల్ పైపు, నిండిపోయిన ఫిల్టర్ వంటివి రైతు స్వయంగా సరిచేసుకోవచ్చు. అయితే వరుసగా, ఒకదాని తర్వాత ఒకటి చూడాలి. తొందరలో అడ్డదారిన స్టార్ట్ చేయబోతే ప్రాణానికే ముప్పు.

ముట్టుకునే ముందు

* గేరు న్యూట్రల్‌లో పెట్టి, పీటీఓ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేయండి.
* రోటవేటర్, కల్టివేటర్ వంటి పనిముట్లను నేలకు దించండి.
* చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు అడ్డం పెట్టండి.
* పిల్లలను దూరంగా పంపండి. షెడ్డులో ఉంటే తలుపులు తెరవండి. పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

మొదటి ఐదు నిమిషాల్లో

* ట్యాంకులో డీజిల్ ఉందా? మీటరును నమ్మకుండా మూత తీసి చూడండి. ట్యాంకు కింది కాక్ తెరిచి ఉండాలి.
* బండి ఆపేటప్పుడు లాగిన స్టాప్ నాబ్ తిరిగి లోపలికి వెళ్లిందా? అది బయటకే ఉంటే ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా ఇంజన్‌కు డీజిల్ అందదు.
* క్లచ్ పూర్తిగా తొక్కారా? గేరు, పీటీఓ లివర్లు న్యూట్రల్‌లో ఉన్నాయా? చాలా ట్రాక్టర్లలో ఇవి సరిగా లేకపోతే సేఫ్టీ స్విచ్ సెల్ఫ్‌కు కరెంటు వెళ్లనివ్వదు.
* ఎలుకలు వైర్లు కొరికాయా? నిలిపి ఉంచిన బండ్లలో ఇది తరచూ జరుగుతుంది.

ఇవన్నీ బాగుంటే తాళం తిప్పి, వచ్చే శబ్దాన్ని గమనించండి.

1. ఏ శబ్దమూ రాకపోతే

హెడ్‌లైట్ వేసి చూడండి. లైటు వెలగకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది, లేదా టెర్మినల్ ఊడింది, లేదా ఫ్యూజ్ పోయింది. లైటు బాగా వెలుగుతూ సెల్ఫ్ మాత్రం కదలకపోతే సేఫ్టీ స్విచ్, తాళం స్విచ్, సెల్ఫ్‌కు వెళ్లే వైరు చూడాలి.

2. టిక్ టిక్‌మని ఆగిపోతే, లేదా నెమ్మదిగా తిరిగితే

బ్యాటరీలో బలం లేదు, లేదా టెర్మినళ్లకు తెల్లగా, పచ్చగా తుప్పు పట్టింది. ముందుగా నెగెటివ్ వైరును, తర్వాత పాజిటివ్ వైరును విప్పండి. గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి, ఆ నీరు సెల్ మూతల్లోకి పోకుండా టెర్మినళ్లను కడగండి. తుడిచి ఆరాక ముందుగా పాజిటివ్, చివరగా నెగెటివ్ బిగించి, పైన కొంచెం గ్రీజు లేదా వాసెలిన్ రాయండి. ఇంజన్ బాడీకి బిగించిన ఎర్త్ వైరును కూడా చూడండి.

మీటరు ఉంటే వోల్టేజీ కొలవండి. నిండా చార్జింగ్ ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 ఉంటే సగం దిగినట్టే. సెల్లుల్లో నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీరు పోస్తే బ్యాటరీ పాడవుతుంది. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించవద్దు. అందులోంచి వచ్చే గ్యాసుకు మంట తగిలితే పేలుతుంది.

మరో బండి బ్యాటరీతో స్టార్ట్ చేయాలంటే రెండూ 12 వోల్టులవే కావాలి. ముందు పాజిటివ్‌కు పాజిటివ్ కలపండి. తర్వాత మంచి బ్యాటరీ నెగెటివ్ నుంచి వచ్చే వైరును మీ ఇంజన్ ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా తగిలించండి. విప్పేటప్పుడు చివర పెట్టినది ముందు తీయాలి.

3. సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే

ఇది డీజిల్ సమస్య. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పొగ గొట్టం చూడండి.

* పొగ అసలు రాకపోతే డీజిల్ ఇంజన్‌కు చేరడం లేదు.
* తెల్ల పొగ వస్తే డీజిల్ చేరుతోంది కానీ మండటం లేదు. డీజిల్‌లో నీరు కలిసినా, కంప్రెషన్ తగ్గినా ఇలా ఉంటుంది.
* నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు. దుమ్ముతో నిండిన ఎయిర్ క్లీనర్‌ను శుభ్రం చేయండి.

ఒక్కోసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టవద్దు. మధ్యలో కనీసం ఒక నిమిషం ఆగండి. లేదంటే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది.

ఎయిర్ తీయడం ఇలా

డీజిల్ అయిపోయేదాకా బండి నడిపినా, ఫిల్టర్ మార్చినా, పైపు వదులైనా లోపలికి గాలి చేరుతుంది. హ్యాండ్ ప్రైమర్ ఉన్న పాత రకం పంపు ట్రాక్టర్లకు ఈ వరుస సరిపోతుంది:

1. ట్యాంకులో డీజిల్ పోయండి. ఫిల్టర్ కింది గిన్నెలో నీరు, మడ్డి ఉంటే వదిలేయండి.
2. మొదటి ఫిల్టర్ పైన ఉన్న ఎయిర్ స్క్రూను పానాతో కొంచెం వదులు చేసి, ప్రైమర్ కొట్టండి. మొదట బుడగలతో డీజిల్ వస్తుంది. బుడగలు ఆగాక, డీజిల్ కారుతుండగానే స్క్రూ బిగించండి.
3. రెండో ఫిల్టర్ దగ్గర, తర్వాత పంపు దగ్గర ఇదే పని చేయండి.
4. అయినా అందుకోకపోతే నాజిల్ పైపు నట్లు అర చుట్టు వదులు చేసి, సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ చిమ్మగానే సెల్ఫ్ ఆపి నట్లు బిగించండి. ఈ పనిలో చేతులు, ముఖం దూరంగా ఉంచాలి. ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కామన్ రైల్ ఇంజన్ ఉన్న కొత్త ట్రాక్టర్లలో నాజిల్ పైపులు విప్పకూడదు. వాటిని కంపెనీ మెకానిక్‌కే వదిలేయండి.

ఈ మూడు పనులు మాత్రం చేయవద్దు

* స్క్రూ డ్రైవర్‌తో సెల్ఫ్ షార్ట్ చేయడం: ఇది చాలా ఊళ్లలో ఉన్న అలవాటు. ఇలా చేస్తే సేఫ్టీ స్విచ్ పని చేయదు. బండి గేరులో ఉంటే స్టార్ట్ అయిన వెంటనే కదులుతుంది. షార్ట్ చేసే మనిషి నిలబడేది పెద్ద చక్రానికి ముందే. తప్పుకోవడానికి సమయం ఉండదు. ఎప్పుడైనా సీటులో కూర్చునే స్టార్ట్ చేయాలి.
* సెల్ఫ్ పని చేయదని బండిని దిగువకు నిలబెట్టి, చక్రానికి రాయి పెట్టి వదిలేయడం: రాయి జారినా, పిల్లలు ఎక్కి గేరు కదిపినా బండి దొర్లిపోతుంది. కొత్త బ్యాటరీ ఖర్చు ఒక ప్రాణం కంటే ఎక్కువ కాదు.
* గాలి గొట్టంలో పెట్రోలు పోసి స్టార్ట్ చేయడం: మంట అంటుకోవచ్చు, ఇంజన్ కూడా దెబ్బతింటుంది.

మెకానిక్‌ను ఎప్పుడు పిలవాలి?

ఎయిర్ తీశాక కూడా అందుకోకపోతే, తెల్ల పొగ ఆగకపోతే, ఆయిల్‌లో నీరు లేదా డీజిల్ కలిసినట్టు కనిపిస్తే ఇక ప్రయత్నం ఆపండి. పంపు, నాజిళ్లు ఇంట్లో విప్పేవి కావు. ఫోన్‌లోనే శబ్దం ఎలా ఉంది, పొగ ఏ రంగు, మీరు ఏమేమి చూశారు అనేవి చెప్పండి. మెకానిక్ కావాల్సిన సామాను వెంట తెచ్చుకుంటాడు, రెండోసారి తిరిగే పని తప్పుతుంది.

వానాకాలానికి ముందే

మే నెలలోనే బ్యాటరీ పరీక్ష చేయించండి. డీజిల్ ఫిల్టర్లు గడువు ప్రకారం మార్చండి. బండి ఖాళీగా ఉన్నా వారానికొకసారి స్టార్ట్ చేసి కొంతసేపు నడపండి. డబ్బాల్లో తెచ్చిన డీజిల్‌ను సన్నని జాలీతో వడపోసి పోయండి. ట్రాక్టర్ నిర్వహణ పూర్తిగా నేర్చుకోవాలనుకునే వారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ శిక్షణ ఇస్తుంది. ఇంట్లో ట్రాక్టర్ నడిపే యువకులను అక్కడికి పంపిస్తే మేలు.