పాటకు ముందు చెప్పు పేరు

రేడియోలో ఒక చిత్రగీతము ప్రసారమగునప్పుడు దానికి ముందో వెనుకో నాలుగు మాటలు వినవచ్చును. చిత్రము పేరు, పాడినవారి పేరు, సంగీతము కూర్చినవారి పేరు, వ్రాసినవారి పేరు. పది సెకండ్లకు మించని ఈ మాటలను శ్రోతలు సాధారణముగా పట్టించుకొనరు. పాట మనస్సునకు హత్తుకొన్నప్పుడు మాత్రము ‘ఎవరు పాడినారో!’ అని చెవి యొగ్గుదురు. అయితే ఈ నాలుగు పేర్లును ఒకచోట చేరుటకు చాలకాలము పట్టినది. ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క వివాదము నడచినది. ఆ కథనే నేడు ముచ్చటింతము.

టాకీలు రాకముందే మన ఇండ్లలోనికి గ్రామఫోను వచ్చినది. నాటకములలోని పద్యములును పాటలును రికార్డులుగా వెలువడి ఊరూర మ్రోగినవి. రంగస్థలమున వేషము కట్టిన నటుడే పద్యమును చదువును గనుక, రికార్డు నడుమ అంటించిన గుండ్రని చీటిపై నటుని పేరు వేసిన చాలును. అదే గాయకుని పేరు. 1931లో ‘ఆలం ఆరా’తో మన దేశమున టాకీ ప్రారంభమైన తరువాత కూడ కొంతకాలము ఇదే పద్ధతి సాగినది. నటీనటులు కెమేరా యెదుట నిలిచి తామే పాడెడివారు. అందుచేత పేరును గూర్చిన చిక్కు లేకపోయినది.

1935లో కలకత్తా న్యూ థియేటర్సువారు ‘ధూప్ ఛావ్’ చిత్రమున పాటను ముందుగా రికార్డు చేసి, చిత్రీకరణ సమయమున దానికి పెదవులు కలుపు విధానమును ప్రవేశపెట్టిరి. నేపథ్యగానము పుట్టినది. నాటితో పాడు గొంతు వేరు, కనబడు ముఖము వేరు అయినది. కాని రికార్డు చీటి మాత్రము పాత అలవాటును వదలలేదు. తెరమీద ఎవరు పాడినట్లు కనబడుదురో వారికే పాట చెందును అను భావము చాలకాలము నిలిచినది.

ఈ భావము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో 1937 డిసెంబరున వాల్టు డిస్నీ నిర్మించిన ‘స్నో వైట్’ బొమ్మల చిత్రము విడుదలయైనది. మరుసటి నెలలోనే, అనగా 1938 జనవరిలో, అందలి పాటలను మూడు రికార్డుల జతగా విక్రయించిరి. చలనచిత్రపు శబ్దమునుండియే నేరుగా తీసి అమ్మిన రికార్డు సంపుటములలో దీనినే మొదటిదిగా సాధారణముగా పేర్కొందురు. ఆ కాలమున ఒక రికార్డు ఒక ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించి మాత్రమే మ్రోగెడిది. కావున పెక్కు రికార్డులను ఛాయాచిత్రముల పుస్తకమువలె కట్టిన అట్టల మధ్య ఉంచి అమ్మెడివారు. ‘ఆల్బము’ అను మాట అట్లే వచ్చినది. ‘స్నో వైట్’ చిత్రమున రాజకుమారికి గొంతునిచ్చిన యువతి ఏడ్రియానా కాసెలోటి. తెరపై ఆమె పేరు వేయలేదు. లోకమంతయు విన్న గొంతునకు తెరమీద పేరు లేకపోయినది.

మన దేశమున ఈ అన్యాయము బయటపడినది 1949లో. ఆ యేడు ‘మహల్’ చిత్రము వచ్చినది. కమాల్ అమ్రోహీ దర్శకుడు, ఖేమ్‌చంద్ ప్రకాశ్ సంగీతకర్త, నక్షబ్ జార్చవీ గీతరచయిత. మధుబాల ధరించిన పాత్ర పేరు కామిని. ఆ పాత్ర పాడినట్లు చూపిన ‘ఆయేగా ఆనేవాలా’ పాట రికార్డుపై గాయని పేరున్న చోట ‘కామిని’ అని ముద్రించిరి. కథలోని పాత్రయే గాయని యైనది! పాట రేడియోలో ప్రసారము కాగానే ఈ కామిని యెవరని అడుగుచు శ్రోతల ఉత్తరములు వచ్చిపడినవి. రేడియోవారు రికార్డు కంపెనీవారిని అడిగి, పాడినది లతా మంగేష్కర్ అని తెలిసికొని ఆ పేరు ప్రకటించిరి. నాటినుండి దేశము ఆమెను పేరుతో ఎరిగినది. ఇందులో గమనింపదగినది యేమనగా, గాయనికి ఆ పేరును నిర్మాతగాని కంపెనీగాని తమంత తాముగా ఇచ్చినది కాదు. ఇంటిలో కూర్చుండి పాట విన్న శ్రోత అడిగి ఇప్పించినది.

గాయకుని పేరు దక్కినదో లేదో, అంతలో చిత్రము పేరునకు గండము వచ్చినది. 1952లో డాక్టరు బి. వి. కేస్కర్ సమాచార ప్రసారశాఖ మంత్రి యైరి. ఆయన శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమాపాట యెడల ఆదరము లేనివారు. పాటతోపాటు చిత్రము పేరు చెప్పుట ఆ చిత్రమునకు ఉచితముగా ప్రకటన చేయుటయే యగునని తలచి, గాయకుని పేరు మాత్రమే చెప్పవలెనని ఆకాశవాణి నిర్ణయించినది. నిర్మాతలు ఆగ్రహించి, తమ పాటలను ప్రసారము చేయుటకు ఇచ్చిన అనుమతిని ఉపసంహరించుకొనిరి. చూచుచుండగనే ఆకాశవాణిలో చిత్రగీతములు దాదాపు మూగవోయినవి.

శ్రోతలు ఊరకుండలేదు, రేడియో ముల్లును త్రిప్పిరి. సముద్రమున కావల సిలోను రేడియో ఉన్నది. 1952 డిసెంబరు 3న అక్కడినుండి ‘బినాకా గీత్‌మాలా’ ప్రారంభమైనది. అమీన్ సయానీ దాని నిర్వాహకుడు. ఆయన ‘బహనో ఔర్ భాయియో’ అని శ్రోతలను పలుకరించు తీరు పాటలతో సమానముగా ప్రసిద్ధికెక్కినది. రికార్డుల విక్రయములను, శ్రోతల సంఘముల అభిప్రాయములను లెక్కగట్టి పాటలకు వరుస సంఖ్య లిచ్చి, క్రిందిమెట్టునుండి పైమెట్టునకు ఎక్కించుట తరువాత దాని ప్రత్యేకత యైనది. పాటను వినిపించుట ఒక యెత్తు, వినిపించుటకు ముందు దానికొక ఆసనము వేయుట మరియొక యెత్తు అని ఆ కార్యక్రమము రుజువు చేసినది. సిలోనునుండి తెలుగు పాటలును వచ్చెడివి. మీనాక్షీ పొన్నుదురై కంఠమును మరువని తెలుగు శ్రోతలు నేటికిని కలరు.

ఈ పాఠమును ఆకాశవాణి అయిదేండ్లకు నేర్చుకొన్నది. 1957 అక్టోబరు 3న వివిధభారతి వెలసినది. చిత్రము పేరు మరల వినబడినది. శ్రోతలు కోరిన పాటలతో పాటు కోరినవారి పేర్లను, ఊళ్ల పేర్లను చదువుట ఆచారమైనది. తన పేరును రేడియోలో వినుటకై ఇంటిల్లిపాదియు చెవులు రిక్కించి కూర్చుండు దృశ్యము ఆ తరమువారికి పరిచితమే. అయినను ఇంకొక పేరు మిగిలియే యున్నది. పాటలోని మాటలను కూర్చినవాని పేరు అది. గీతరచయిత పేరును కూడ రేడియోలో చెప్పవలెనని గట్టిగా అడిగినవారిలో కవి సాహిర్ లుధియాన్వీ ముఖ్యుడు. ఊరు పేరు చెప్పవచ్చును, ఉత్తరము వ్రాసినవాని పేరు చెప్పవచ్చును. పాట వ్రాసినవాని పేరు చెప్పకుండుట ఏమి న్యాయము?

ఇక మన తెలుగు మాట. 1953లో వచ్చిన ‘దేవదాసు’ పాటలు తెలియని తెలుగిల్లు ఉండదు. సంగీత దర్శకుడు సి. ఆర్. సుబ్బరామన్ చిత్రము పూర్తికాకముందే, 1952లో కన్నుమూసిరి. మిగిలిన పనిని ఆయన సహాయకులగు విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేసిరి. గీతరచయితగా ప్రకటితమైన పేరు సముద్రాల రాఘవాచార్యులుగారిది. ఆ పాటలలో మల్లాది రామకృష్ణశాస్త్రిగారి చేయి కలదను వాదము సాహిత్యాభిమానులలో చిరకాలముగా నున్నది. శాస్త్రిగారు తమ స్వంత పేరుతో 1956లో ‘చిరంజీవులు’ చిత్రమునకు పాటలు వ్రాసిరి. పై వాదము తేల్చుట మన పని కాదు. కాని అనౌన్సరు స్థితి యెట్టిదో దీనినిబట్టి గ్రహింపవచ్చును. చీటిపై నున్నదే మేము చదువుదుము. చీటిలో లోపమున్నచో మా గొంతు దానిని లక్షల ఇండ్లకు చేరవేయును. పదేపదే విన్న లోపము కొంతకాలమునకు చరిత్రగా చెల్లుబడి యగును.

తరువాత లాంగ్ ప్లే రికార్డు వచ్చినది. ఒక చిత్రపు పాటలన్నియు ఒక్క రికార్డులో ఇమిడినవి. రికార్డుతోపాటు అడుగు వెడల్పున చక్కని రంగుల అట్టయు ఇంటికి వచ్చినది. ముందువైపు నాయికానాయకుల చిత్రము. వెనుకవైపు పాటల జాబితా, పేర్లు. వెనుకవైపు చదువు ఓపిక గలవారికి ఆ అట్ట చిన్న గ్రంథమువలె పనికివచ్చెడిది. పాటలే కాదు, మాటలును రికార్డులైనవి. 1975లో హిందీలో ‘షోలే’, తెలుగున ముళ్లపూడి వెంకటరమణగారు సంభాషణలు వ్రాసిన ‘ముత్యాలముగ్గు’ ఇట్లు రికార్డులపై వెలువడి పందిళ్లలో, పెండ్లిండ్లలో మ్రోగినవి. రావు గోపాలరావు మాట వినగానే మనిషి కనబడెడివాడు. మన రేడియోలో ‘సంక్షిప్త శబ్దచిత్రము’ అను పేర చిత్రమును కుదించి వినిపించుటయు ఈ కోవకు చెందినదే. తెర లేకయే సినిమా చూపుట అది.

నేడు రికార్డు పోయినది, క్యాసెట్టు పోయినది. పాట చేతిలోని ఫోనులోనికి వచ్చినది. అంగుళమంత బొమ్మలో నాయకుని ముఖము స్పష్టముగా నుండును. వెనుకవైపు మాత్రము లేదు. 2012లో మన పార్లమెంటు కాపీరైటు చట్టమును సవరించి, గీతరచయితలకును సంగీతకర్తలకును తమ పాటల రాబడిలో విడదీయరాని హక్కు కల్పించినది. ధనమునకు చట్టము వచ్చినది. అయినను 2020లో హిందీ గీతరచయితలు కొందరు కలిసి ‘క్రెడిట్ దే దో యార్’ అని పాట కట్టి, పాటలు వినిపించు సంస్థలను తమ పేర్లు వేయుడని అడుగవలసివచ్చినది. 1949లో కామిని యెవరని శ్రోతలు అడిగిరి. డెబ్బదియొక్క యేండ్లకు పాట వ్రాసినవారే ‘మేమున్నాము’ అని చెప్పుకొనిరి.

ఈ రెండింటిలో మొదటిదే శోభనిచ్చునది. అడుగు శ్రోత యున్నంత కాలము పేరు మరుగున పడదు. కావున ఇకపై ఒక పాట నచ్చినప్పుడు, పాట ముగియగానే ముల్లు త్రిప్పక ఇంకొక పది సెకండ్లు ఆగుడు. పేరు చెప్పినచో మనస్సున నుంచుకొనుడు. చెప్పనిచో ఒక కార్డు ముక్క వ్రాసి అడుగుడు. అట్టి కార్డే ఒకనాడు ఒక మహాగాయనిని మనకు పేరుతో పరిచయము చేసినది.