ఈతకొలనులో బ్లీచ్: ఎవరు ముందు, ఎవరు వెనక?

అమెరికాలో పెరటి ఈతకొలనులో బట్టల బ్లీచ్ పోసేవాళ్లంటే డబ్బు మిగుల్చుకోవడానికి అడ్డదారి తొక్కినవాళ్లనే అభిప్రాయం ఉంది. క్లోరిన్ బిళ్లే అసలు మందనీ, బ్లీచ్ దానికి చవక బదులనీ చెబుతారు. చరిత్ర తిరగేస్తే ఈ వరస తలకిందులవుతుంది.

తొలి అంకం తెలిసిందే. 1780లలో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త బెర్తొలే క్లోరిన్‌తో బట్టలు తెల్లబరిచాడు. 1799లో స్కాట్లాండ్‌కు చెందిన టెనెంట్ బ్లీచింగ్ పౌడరుకు పేటెంటు పొందాడు. మన ఊరి బావుల్లో చల్లే పొడి అదే. 1908లో జెర్సీ సిటీ మంచినీళ్లలోకి, 1910 ప్రాంతంలో బ్రౌన్ విశ్వవిద్యాలయం ఈతకొలనులోకి చేరిందీ అదే. 1913లో ఓక్లాండ్‌లో పుట్టిన క్లోరాక్స్ కంపెనీ బ్లీచ్‌ను సీసాల్లో ఇళ్లకు చేర్చింది. బ్లీచింగ్ పౌడరులాగే ఇందులోని సోడియం హైపోక్లోరైట్ కూడా నీళ్లలో క్రిములను చంపే హైపోక్లోరస్ ఆమ్లాన్నే ఇస్తుంది.

అసలు పేచీ ఆ తర్వాత వచ్చిన క్లోరిన్ బిళ్లల, అంటే ట్రైక్లోర్ బిళ్లల దగ్గర మొదలవుతుంది. ఎండకు క్లోరిన్ గంటల్లో హరించుకుపోతుంది. సయనూరిక్ ఆమ్లం దానికి గొడుగు పడుతుంది. బిళ్లలో రెండూ కలిసే ఉంటాయి, ఆ సౌకర్యాన్ని కాదనలేం. అయితే క్లోరిన్ ఖర్చయిపోయినా సయనూరిక్ ఆమ్లం నీళ్లలోనే ఉండిపోతుంది. ట్రైక్లోర్‌తో 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10 భాగాలు) క్లోరిన్ వేస్తే ఇది 6 పీపీఎం పెరుగుతుంది. రోజుకు 2 పీపీఎం క్లోరిన్ చొప్పున వంద రోజులు వేస్తే ఆ పెరుగుదల 120 పీపీఎం! కొలనులో కొంత నీరు తోడేసి కొత్త నీరు పట్టడమే దీనికి మామూలు మార్గం.

1974లోనే ఓబ్రయన్, మోరిస్, బట్లర్ అనే పరిశోధకులు క్లోరిన్, సయనూరిక్ ఆమ్లాల మధ్య రసాయన సమతౌల్యాన్ని లెక్కగట్టారు. సయనూరిక్ ఆమ్లం పెరిగేకొద్దీ క్లోరిన్‌లో చాలా భాగం దాని పట్టులోకి వెళ్లి, క్రిములను చంపే భాగం తగ్గిపోతుంది. మామూలు టెస్ట్ కిట్ మాత్రం అంతా కలిపి ‘ఫ్రీ క్లోరిన్’గానే చూపిస్తుంది. అంకె బాగానే ఉన్నా నాచు పట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

2020 ఆగస్టులో లారా తుఫాను వేళ లూసియానాలో ఈ బిళ్లలు తయారుచేసే బయోల్యాబ్ కర్మాగారం తగలబడింది. 2021లో బిళ్లలకు కటకట వచ్చింది. జనం బ్లీచ్‌కు మళ్లింది అందుకేనన్న వివరణ సగం నిజమే. కొరత తొందరపెట్టి ఉండొచ్చు గానీ, కారణం అంతకు ముందే నీళ్లలో పేరుకుని ఉంది.

అలాగని బ్లీచ్‌ను నెత్తికెత్తుకోనక్కర్లేదు. 40,000 లీటర్ల కొలనులో 1 పీపీఎం పెంచడానికి 5.25 శాతం బ్లీచ్ సుమారు ముప్పావు లీటరు పడుతుంది. ఆరుబయట కొలనుకు దాదాపు రోజూ కొలిచి పోయాల్సిందే. వేడికి సీసాలోనే దాని బలం తగ్గుతుంది. వాసన కలిపినవీ, చిక్కగా చేసినవీ పనికిరావు. కాస్త సయనూరిక్ ఆమ్లం విడిగా వేయక తప్పదు. బ్లీచ్‌ను నేరుగా బిళ్లలతోనో ఆమ్లంతోనో కలిపితే ప్రాణాంతకమైన విషవాయువు పుడుతుంది. ఇన్ని జాగ్రత్తలున్నా పెరటి కొలనుకు బ్లీచే మెరుగు. సయనూరిక్ ఆమ్లం పరీక్ష ఊసెత్తకుండా డబ్బాలకొద్దీ బిళ్లలు అంటగట్టే వ్యాపారాన్ని మాత్రం సమర్థించలేం.