పడవను తోసే కాళ్లు

2024 సెప్టెంబరు 1. పారిస్‌కు తూర్పున, వైర్-సూర్-మార్న్. ముగింపు గీత దగ్గర గ్యాలరీలో మీకు చోటు దొరికింది. ఎదురుగా 2000 మీటర్ల నీటిదారి. కాళ్లు కూడా వాడగలిగే దివ్యాంగ రోయర్లలో ఒక పురుషుడు, ఒక మహిళ కలిసి పడవ నడిపే పోటీ పీఆర్3 మిక్స్‌డ్ డబుల్ స్కల్స్. అది పారాలింపిక్స్‌లోకి రావడం ఇదే మొదటిసారి. ఇప్పుడు జరగబోయేది ఫైనల్ బి. గెలిచినా ఏడో స్థానమే.

బయల్దేరారు! మన పడవలో ఇద్దరు: రాయలసీమ నుంచి వెళ్లిన కొంగనపల్లె నారాయణ, రాజస్థాన్ అమ్మాయి అనిత. చెరో రెండు తెడ్లు. దూరం నుంచి చూస్తే అంతా చేతుల పనిలాగే ఉంటుంది. కానీ మీరు కాళ్లను చూడండి. సీటు పట్టాల మీద జారుతుంది, మోకాళ్లు ఛాతీ దాకా ముడుచుకుంటాయి, తెడ్డు నీళ్లలో మునగగానే కాళ్లు బలంగా తన్నుతాయి. పడవకు వేగం ముందు ఆ తన్నులోంచే పుడుతుంది. నడుము, చేతులు ఆ తర్వాతే.

మరి నారాయణకు ఒక కాలు లేదు. సైన్యంలో ఉండగా, 2015లో, జమ్మూకశ్మీర్‌లో మందుపాతర పేలి ఆ కాలు పోయింది. అనిత కాలు రోడ్డు ప్రమాదంలో పోయింది. తన్నినప్పుడు రెండు పక్కలా ఒకే బలం రాదు. ఆ తేడాను ప్రతి తోపులోనూ నడుముతో, భుజాలతో సర్దుకోవాలి. పైగా ఇద్దరి తెడ్లూ ఒకే క్షణంలో పడాలి, ఒకే క్షణంలో లేవాలి.

పుణెలో తెడ్డు పట్టడం నేర్చుకున్నవాళ్లు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో రజతం తెచ్చారు. మరుసటి ఏడాది దక్షిణ కొరియాలో గెలిచి ఇక్కడికి అర్హత సాధించారు. చప్పట్లు నిజంగా దక్కాల్సింది ఆ సాధన రోజులకే అనిపిస్తుంది నాకు.

ఆఖరి 500 మీటర్లు. తొడలు మండిపోయే ఘట్టం ఇది. రోయర్లు వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు కాబట్టి వెనకబడ్డ పడవలు కనిపిస్తాయి; ముందున్న పడవ కనపడదు. అది ఎంత దూరంలో ఉందో లెక్కపెట్టకుండా తోస్తూనే ఉండాలి. వస్తున్నారు. నారాయణ వీపు, అనిత వీపు, నాలుగు తెడ్లు. మీ ముందు నుంచే దూసుకుపోయారు.

రెండో పడవ మనదే! మొత్తంమీద ఎనిమిదో స్థానం. లేచి, గొంతెత్తి పిలవండి. గీత దాటారు కదా, ఇప్పుడు వాళ్ల ముఖాలు మనవైపే ఉన్నాయి.