వి.కోటేశ్వరమ్మ

వి.కోటేశ్వరమ్మ (1925 - 2019) విజయవాడకు చెందిన విద్యావేత్త, ఆ నగరంలోని మాంటిస్సోరి విద్యాసంస్థల వ్యవస్థాపకురాలు. విద్యారంగంలో ఈమె చేసిన సేవకు గుర్తింపుగా భారత ప్రభుత్వం 2017లో పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది. పామర్రులో పుట్టిన కమ్యూనిస్టు ఉద్యమకారిణి, "నిర్జన వారధి" రచయిత్రి కొండపల్లి కోటేశ్వరమ్మ (1918 - 2018) వేరు. ఇద్దరూ కృష్ణా డెల్టా వారే.

జీవితం

కోటేశ్వరమ్మ విజయవాడ సమీపంలోని గోసాల గ్రామంలో జన్మించింది. ఆడపిల్లలను కళాశాలకు పంపే కుటుంబాలు అరుదుగా ఉన్న కాలంలో ఉన్నత విద్య చదివి, ఉపాధ్యాయ వృత్తిని చేపట్టింది. 1955లో విజయవాడలో చిన్నపిల్లల కొరకు మాంటిస్సోరి పాఠశాలను ప్రారంభించింది. అప్పట్లో విజయవాడ, గుడివాడ, దివిసీమ అన్నీ మచిలీపట్నం కేంద్రంగా గల ఒకే కృష్ణా జిల్లాలో ఉండేవి (2022లో విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్ళింది). శిశు తరగతులతో మొదలైన సంస్థ తరువాత ఉన్నత పాఠశాలగా, మహిళా కళాశాలగా విస్తరించింది.

ఈ ప్రారంభానికి ఉన్న ప్రాముఖ్యం కాలాన్ని బట్టి తెలుస్తుంది. ఆనాడు ప్రభుత్వ దృష్టిలో చదువంటే ఒకటవ తరగతి నుండే. అంగన్‌వాడీలకు మూలమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న గాని మొదలు కాలేదు. ఆరేళ్ళలోపు పిల్లల సంరక్షణ, విద్య గురించిన ప్రత్యేక ప్రస్తావన 2002 నాటి 86వ సవరణతో గాని రాజ్యాంగంలోని 45వ అధికరణంలో చేరలేదు.

మాంటిస్సోరి పద్ధతి

ఇటలీకి చెందిన వైద్యురాలు మరియా మాంటిస్సోరి (1870 - 1952) 1907 జనవరి 6న రోము నగరపు పేదవాడలో తన మొదటి శిశుగృహాన్ని తెరిచింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసులోని అడయారుకు వచ్చి, సుమారు 300 మంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. యుద్ధం కారణంగా 1946 వరకు భారతదేశంలోనే ఉండిపోయింది. దక్షిణ భారతదేశానికి ఈ పద్ధతి పరిచయం కావడానికి ఇది ప్రధాన కారణం.

పిల్లవాడు చేతులతో పని చేస్తూ తనంతట తాను నేర్చుకుంటాడన్నది ఈ పద్ధతికి మూలసూత్రం. ఒక సెంటీమీటరు నుండి పది సెంటీమీటర్ల వరకు గల పది గులాబిరంగు ఘనాలను పిల్లలు గోపురంగా పేరుస్తారు. వరుస తప్పితే గోపురమే ఆ సంగతి చెబుతుంది, ఉపాధ్యాయురాలు దిద్దనవసరం లేదు. గరుకు కాగితంతో చేసిన అక్షరాలను వేలితో తడిమి, వాటి ధ్వనిని పలుకుతారు. మన వీధిబడులలో ఇసుకలో అక్షరాలు దిద్దించడం కూడా స్పర్శతో నేర్పడమే. అయితే అక్కడ పంతులుగారు చెప్పినదే దిద్దాలి, ఇక్కడ ఏ వస్తువు తీసుకోవాలో, దానితో ఎంతసేపు పని చేయాలో పిల్లవాడి ఇష్టం. గుణింతాలు, వత్తులు గల తెలుగులో ధ్వనికీ రాతకూ సంబంధం సూటిగా ఉండటం వలన ధ్వనితో మొదలుపెట్టే ఈ పద్ధతి ఆంగ్లం కంటే తెలుగుకే సులువుగా అమరుతుంది.

"మాంటిస్సోరి" పేరుపై ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు. అందుచేత ఆ పేరు బోర్డుపై ఉన్న ప్రతి బడిలోనూ ఈ పద్ధతి ఉంటుందని చెప్పలేము. మూడేళ్ళ పిల్లలకు పలకా, ఇంటిపనీ ఇచ్చే బడులు కూడా ఈ పేరు వాడుకొంటున్నాయి. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా గుర్తించి, ఆటలు, పనుల ద్వారా బోధన జరగాలని సూచించింది.

మరణం

కోటేశ్వరమ్మ 94 ఏళ్ళ వయసులో 2019లో మరణించింది.