ఇంటి ప్రింటరులో నలుపు తెలుపు ఫొటో: ఒక చారిత్రక పరిశీలన

నిరుడు మా ఊరి గ్రంథాలయ వార్షికోత్సవానికి పాత ఫొటోలతో ఒక ప్రదర్శన పెట్టాలనుకున్నాము. దొరికినవాటిలో ఒకటి 1950ల నాటిది. కోతల కూలి రేట్ల విషయమై జరిగిన సభలో తీసినది. ముందు వరసలో కుర్చీల మీద తెల్లచొక్కాల పెద్దలు. వెనక నిలబడ్డవారూ, నేలమీద కూర్చున్నవారూ కూలీలు. వారిలో ఇద్దరి చేతుల్లో డప్పులున్నాయి. అసలు ప్రింటు అంచులు చెదలు తినేశాయి. దాన్ని స్కాన్ చేయించి, బజారులోని ఒక ఫొటో స్టూడియోలో పెద్ద కాగితం మీద వేయించాము. తెచ్చి చూస్తే పెద్దల చొక్కాలు పాచి పట్టినట్టు ఆకుపచ్చగా ఉన్నాయి. కూలీల ముఖాలు మాత్రం ఒకటే నల్లముద్ద! కళ్లెక్కడో, ముక్కెక్కడో తెలియలేదు. స్టూడియో కుర్రవాణ్ణి అడిగితే, "బ్లాక్ అండ్ వైటంటే ఈ మిషన్లో అంతే మాస్టారూ" అన్నాడు.

ఈ "అంతే" అన్న మాట దగ్గర మనం ఆగాలి. యంత్రం గురించి మాట్లాడేటప్పుడు చదువుకున్నవాళ్లు కూడా అదేదో వానా, గాలీ వంటి ప్రకృతి శక్తి అన్నట్టు మాట్లాడుతారు. వాస్తవానికి ప్రింటరులో ఎన్ని సిరాలుండాలి, ఏ సిరా అక్కరలేదు, ఏ బొమ్మ బాగా రావాలి అన్నవన్నీ మనుషులు చేసిన నిర్ణయాలు. ఆ నిర్ణయాల వెనక మార్కెట్టు ఉన్నది. వాటిని ఎదిరించి పనిచేసినవారు కూడా ఉన్నారు.

ముందు పాత పద్ధతి సంగతి చూద్దాం. వెండి లవణం పూసిన కాగితం మీద ఎంత వెలుగు పడితే అంత నలుపు వస్తుంది. తెలుపుకూ నలుపుకూ మధ్య ఎన్ని మెట్లున్నాయంటే చెప్పలేము. వెలుగు ఎంత నెమ్మదిగా తగ్గితే బూడిదరంగు అంత నెమ్మదిగా చిక్కబడుతుంది. ఎన్‌లార్జరు కింద పనిచేసే మనిషి చెయ్యి అడ్డుపెట్టి ముఖానికి కొంత వెలుగు తగ్గించేవాడు, ఆకాశానికి కొంత పెంచేవాడు. ఆ చేతిలోని నేర్పే మనం ఫొటోలో చూసే "జీవకళ". రాజా దీన్‌దయాళ్ పేరు హైదరాబాదులో తెలియనివారు లేరు. ఆయన స్టూడియోలలో ప్రింట్లు తీసిన పనివారి పేర్లు చరిత్ర పుస్తకాలలో ఎన్ని కనిపిస్తాయి?

సిరా చిమ్మే ప్రింటరుకు ఈ నెమ్మది తెలియదు. దానికి తెలిసినవి రెండే: బొట్టు వేయడం, వేయకపోవడం. (బొట్టు పరిమాణాన్ని కొంత మార్చగలగడం తరువాతి మాట.) దాని పుట్టుక ఫొటో కోసం కాదు. 1977లో జపానులో కానన్ కంపెనీ పరిశోధకుడు ఇచిరో ఎండో సిరంజి సూదికి వేడి సోల్డరింగు కడ్డీ తగిలితే సిరా బొట్టు ఎగిరిపడటం గమనించాడంటారు. 1984లో అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ "థింక్‌జెట్" అన్న ప్రింటరు అమ్మింది. ఇవన్నీ ఆఫీసు కాగితాల మీద అక్షరాలు కొట్టడానికి వచ్చినవి. అక్షరానికి బూడిదరంగుతో పనేమిటి? నలుపు నల్లగా ఉంటే చాలు. 1994లో ఎప్సన్ "స్టైలస్ కలర్" వచ్చాక అంగుళానికి 720 చుక్కల చొప్పున రంగుబొమ్మలు ఇంట్లోనే వేసుకునే రోజులు వచ్చాయి. అప్పుడు మార్కెట్టు కోరినది పుట్టినరోజు పండుగల రంగుల ఫొటో. నలుపు తెలుపు ఎవరి లెక్కలోనూ లేదు.

మన ఆకుపచ్చ చొక్కాల రహస్యం ఇక్కడే ఉన్నది. నల్లసిరా ఒక్కదానితో బొమ్మ వేస్తే లేత భాగాలలో నల్లచుక్కలు మిరియపు పొడి చల్లినట్టు కంటికి తెలుస్తాయి. అందుకని యంత్రం నీలం, మెజెంటా, పసుపు సిరాలను కలిపి బూడిదరంగు పుట్టిస్తుంది. మూడూ సరిసమానంగా తూగితే బాగానే ఉంటుంది. కాని ఒకటి వెంట్రుకవాసి ఎక్కువైతే బొమ్మంతా ఆ ఛాయకు తిరుగుతుంది. రంగుబొమ్మలో ఆ లోపం ఎర్రచీరలో, పచ్చచెట్టులో కలిసిపోతుంది. నలుపు తెలుపులో దాక్కోడానికి చోటులేదు. మన ఊళ్ల స్టూడియోలలో చాలాచోట్ల ఉండే సీసాల ప్రింటరులో ఆరు సిరాలుంటాయి: నలుపు, నీలం, మెజెంటా, పసుపు, లేతనీలం, లేతమెజెంటా. బూడిదరంగు సీసా ఒక్కటీ లేదు. పెళ్లి ఆల్బముకు తయారుచేసిన యంత్రం అది. దాని చేత కూలీల సభ వేయిస్తున్నాము!

చుక్కలతో బొమ్మ వేయడమే తప్పని కాదు. 1943 బెంగాలు కరువు దృశ్యాలను సునీల్ జానా ఫొటోలు దేశానికి చూపినది వెండి కాగితం మీద కాదు. 1942లో మొదలైన కమ్యూనిస్టు పార్టీ ఇంగ్లీషు వారపత్రిక "పీపుల్స్ వార్" పుటలలో, నాసిరకం కాగితం మీద, హాఫ్‌టోన్ బ్లాకు చుక్కలతో చూపాయి. ఆ చుక్కలలోనే ఆకలి కనిపించింది. కాబట్టి వెండి కాగితం కళ, ప్రింటరు కాగితం కక్కుర్తి అని పెదవి విరిచే మిత్రులతో నేను ఏకీభవించను. చీకటి గదిలో హైపో వాసన పీల్చి, డెవలపరుతో గోళ్లు నల్లబడ్డ పనివాడు ఆ మాట అంత సులభంగా అనడనుకుంటాను.

సిరాతో కళాత్మకమైన ఫొటో ప్రింటు తీయవచ్చునని గట్టిగా చూపిన తొలి సంఘటనలలో ఒకటి నలుపు తెలుపు బొమ్మలదే కావడం విశేషం. గాయకుడు గ్రాహం నాష్ తీసిన ఫొటోల నెగెటివులు చాలావరకు రవాణాలో పోయాయి. మిగిలిన కాంటాక్టు ప్రింట్లను స్కాన్ చేసి, "ఐరిస్" అన్న రకం యంత్రం మీద వేయించి, 1990లో న్యూయార్కులో ప్రదర్శన పెట్టాడు. అది అచ్చాఫీసులవాళ్లు రంగుల ప్రూఫు చూసుకోడానికి చేసిన యంత్రం. ఆ తరువాత నాష్ కొన్న "ఐరిస్ 3047" వెల 1,26,000 డాలర్లు. దళసరి పత్తి కాగితం పట్టదని దానిలోని భాగాలను కోసి సరిచేసుకున్నారు. నెగెటివ్ పోయిన బొమ్మకు మళ్లీ ప్రాణం పోయవచ్చునన్నది దీనివల్ల తేలిన మాట. మన గ్రంథాలయం ఫొటో స్థితి కూడా అదే గదా! అయితే అంత డబ్బు పోసినా ఆ తొలి సిరాలు వెలుగుకు ఆగలేదు. కొద్ది ఏళ్లకే వెలిసిపోయేవి.

వెలిసిపోవడం సామాన్యుడి ఇంటికి 2000లో వచ్చింది. ఆ ఏడు ఎప్సన్ అమ్మిన ఒక రకం ప్రింటరు బొమ్మలు కొందరి ఇళ్లలో వారాలు తిరగకముందే నారింజరంగుకు మారాయి. నేరం ఎండది కాదు, గాలిలోని ఓజోన్ వంటి వాయువులది అని తేలింది. వెంటనే ఆరిపోయే కాగితం మీది సన్నని రంధ్రాలలోంచి గాలి లోపలికి వెళ్లి నీలం సిరాను తినేస్తుంది. అద్దం వెనక పెట్టిన బొమ్మలు మేలుగా నిలిచాయి. అదే ఏట వచ్చిన "2000పి" అన్న ప్రింటరులో కరిగే రంగులకు బదులు పొడి కణాల సిరాలు వాడారు. మన్నిక పెరిగింది. కాని దాని బూడిదరంగు బల్బు కింద ఒక రకంగానూ, పగటి వెలుగులో ఆకుపచ్చగానూ కనిపించేది. వెలుగు మారితే రంగు మారే బొమ్మను ఏ గోడకు తగిలించాలి?

అసలు మలుపు కంపెనీల లోపల రాలేదు, బయట వచ్చింది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు పల్లెలో అచ్చుపని చేసుకునే జాన్ కోన్ 2000 ప్రాంతంలో "పియెజోగ్రఫీ" అన్న పద్ధతిని బయటపెట్టాడు. ఆలోచన చాలా సాదా. ప్రింటరులోని రంగుసిరాలన్నీ తీసిపారేసి, వాటి స్థానాలలో ఒకే నల్లసిరాను రకరకాలుగా పలుచన చేసి పోయడం. ఒక అరలో చిక్కటి నలుపు, పక్క అరలో దానికంటే పలుచన, ఆ పక్కన ఇంకా పలుచన. లేత భాగాలకు లేతసిరా ఉన్నప్పుడు నల్లచుక్క కనిపించే పనిలేదు. మూడు రంగుల త్రాసు తూగనక్కరలేదు.

ఈ సిరాలకు మూలద్రవ్యం కర్బనం, అంటే మసి. మన తాతలు తాటాకు మీద గంటంతో గీసి, గీతల్లోకి దీపపు మసి రుద్దేవారు. ఆకు పెళుసెక్కి విరిగినా అక్షరం నలుపు తగ్గదు, ఎందుకంటే కర్బనాన్ని వెలుగూ గాలీ అంత తేలికగా మార్చలేవు. ఉత్త కర్బనంతో వేసిన బొమ్మ పత్తి కాగితం మీద కొద్దిగా గోధుమఛాయలో ఉంటుంది. దాన్ని శుద్ధమైన బూడిదరంగుకు తేవాలంటే చిటికెడు నీలమో మెజెంటాయో కలపాలి. ఆ చిటికెడే ముందు వెలిసిపోతుంది. మన్నికా, చల్లని ఛాయా రెండూ పూర్తిగా ఒకే సీసాలో దొరకవు.

ఆ తరువాత జరిగినది మనకు తెలిసిన కథే. బయటివాళ్లు దారి వేస్తే కంపెనీలు ఆ దారిన బండ్లు తోలాయి. ఎప్సన్ 2002లో "2200" నమూనాకు ఒక లేతనలుపు సిరా చేర్చింది. 2005లో "ఆర్2400"లో నలుపు, లేతనలుపు, మరీ లేతనలుపు అంటూ మూడు మెట్లు పెట్టి, నలుపు తెలుపు ఫొటోకు వేరే ఏర్పాటు కూడా డ్రైవరులో చేర్చింది. నిజం చెప్పాలంటే ఇది మంచి పనే, దీనితో సామాన్య ఫొటోగ్రాఫరుకు చాలా శ్రమ తగ్గింది. మరొకవైపు రాయ్ హారింగ్టన్ అనే ఆయన "క్వాడ్‌టోన్ రిప్" అన్న ప్రోగ్రాము రాసి, 50 డాలర్లకు అందరి చేతిలోనూ పెట్టాడు. ఏ సిరా ఏ మెట్టు దగ్గర ఎంత పడాలో దానిలో మనమే నిర్ణయించవచ్చు. కర్బనపు సిరాలను ఇంట్లోనే పలుచన చేసుకునే పాళ్లను ఉచితంగా ప్రకటించినవారూ ఉన్నారు. చీకటి గది పనివాడి చేతిలోంచి పోయిన నిర్ణయం కొంతవరకు తిరిగి చేతికి వచ్చింది.

కొంతవరకు అన్నాను. ప్రింటరును చవకగా అమ్మి సిరాతో లాభం తీసే వ్యాపార పద్ధతి మాత్రం మారలేదు. కార్ట్రిడ్జికి చిప్పు పెట్టి, పరాయి సిరా పోస్తే యంత్రం మొండికేసేటట్టు చేశారు. 2017లో అమెరికా సుప్రీంకోర్టు లెక్స్‌మార్క్ కంపెనీ కేసులో, అమ్మేసిన కార్ట్రిడ్జి మీద పేటెంటు హక్కు ఇక చెల్లదని తీర్పు చెప్పింది. అది టోనరు కార్ట్రిడ్జి సంగతి. సూత్రం సిరాకూ వర్తించేదే. కాని చిప్పుకు తీర్పులు చదవడం రాదు! మన దేశంలో పెద్ద సీసాలతో సిరా పోసుకునే ప్రింటర్లు 2011 నుంచి వచ్చి ఖర్చు బాగా తగ్గించాయి. బూడిదరంగు సీసా ఉన్న నమూనాలు కూడా ఇటీవల వచ్చాయి. అవి మన ఊరి బజారుకు ఇంకా దిగలేదు.

ఇక నల్లముద్ద సంగతి. కాగితం సిరాను పీలుస్తుంది, చుక్క పరుచుకుంటుంది. నూటికి 85 పాళ్ల నలుపు వేయమంటే కాగితం మీద నూరు పాళ్లకు దగ్గరగా కనిపిస్తుంది. మెరుపులేని కాగితం మీద నలుపు సాంద్రత 1.6, 1.7 దగ్గర ఆగిపోతుంది. బరైటా కాగితం మీద 2.2 దాటుతుంది. కాబట్టి ఒకే ఫైలు రెండింటి మీదా ఒకలా రాదు. మెట్లన్నీ పై భాగంలో ఒకదానిలో ఒకటి కలిసిపోతే నష్టపోయేది ఎవరు? తెల్లచొక్కా పెద్దల ముఖాలు ఎలాగూ వెలుగులో ఉన్నాయి. ఎండలో పనిచేసి నల్లబడ్డవాళ్లూ, నీడలో వెనక వరసన నిలబడ్డవాళ్లూ ఆ ఆఖరి పదిహేను పాళ్లలోనే ఉన్నారు. అవి పోతే సభలో కూలీలు ఉన్నారన్న సాక్ష్యమే పోతుంది.

మళ్లీ స్టూడియోకు వెళ్లాను. కుర్రవాడు మొదట విసుక్కున్నాడు గాని, పని మొదలయ్యాక నాకంటే వాడికే ఉత్సాహం ఎక్కువైంది. తెలుపు నుంచి నలుపు వరకు 21 మెట్లున్న పట్టీ ఒకటి ముందు ఆ కాగితం మీదనే వేశాము. డ్రైవరులో కాగితం పేరు సరిగా ఎంచకపోవడం మొదటి తప్పని తెలిసింది. మార్చి వేస్తే సిరా ఊరడం తగ్గింది. అయినా 17వ మెట్టు దాటాక తేడా కనిపించలేదు. ఫైలులో నీడలను ఆ మేరకు తేలిక చేశాము. బూడిదరంగు సీసా లేదు కనుక శుద్ధమైన బూడిదరంగు కోసం పట్టుబట్టకుండా, బొమ్మకు కొంచెం గోధుమఛాయ ఇచ్చాము. పాత ఫొటోలో గోధుమఛాయను కన్ను ఓర్చుకుంటుంది, ఆకుపచ్చను ఓర్చుకోదు. వేసిన ప్రింటును ఒక రోజు ఆరనిచ్చి, ట్యూబులైటు కిందా, వాకిట్లో పగటి వెలుగులోనూ చూశాము. ఇలా ఐదు కాగితాలు పాడయ్యాయి. ఆరోది ప్రదర్శనకు పెట్టాము. అది కరిగే రంగుల సిరా కాబట్టి అద్దం బిగించి, కిటికీ ఎండ తగలని గోడకు తగిలించాము.

గొప్ప ప్రింటని చెప్పను. వెనక వరసలో మాత్రం ఇప్పుడు పద్నాలుగు ముఖాలు లెక్కపెట్టవచ్చు. ప్రదర్శన రెండో రోజు పాలెం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసి, డప్పు పట్టుకున్న ఇద్దరిలో ఎడమవైపు వాడు తన మేనమామ అన్నది. ఆయన పేరు చెప్పింది. ఫొటో కింద పెద్దల పేర్లు మాత్రమే రాసి ఉన్న చీటీ మీద, ఆ పేరు కూడా రాయించాము. రెండో డప్పు మనిషి ఎవరో ఇంకా తెలియలేదు. 21 మెట్ల పట్టీ మటుకు ఆ స్టూడియో గోడకు ఇప్పటికీ అంటించే ఉన్నది.